జడ్డిగం లేని గొర్రు

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. 1839లో ఆ రోజున ఫ్రాన్స్ ప్రభుత్వం డగేర్ కనిపెట్టిన పద్ధతిని లోకమంతటికీ ఉచితంగా ఇచ్చేసింది. (లోకమంతటికీ అంటే ఇంగ్లండుకు తప్ప. అక్కడ అయిదు రోజుల ముందే పేటెంటు తీసుకున్నారు. ఉచితాలకు షరతులు వర్తించడం ఈనాటిది కాదు.) ఆ తేదీ దగ్గరపడితే అనంతపురం స్టూడియోలకు ఒక చిన్న సీజను. ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్ళదో, కాలేజీ వాళ్ళదో, ఏదో క్లబ్బు వాళ్ళదో పోటీ ఒకటి ఉంటుంది. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళతో పాటు బ్యాంకు ఉద్యోగులూ టీచర్లూ డిగ్రీ పిల్లలూ పెన్‌డ్రైవులు పట్టుకుని ప్రింట్లకు వస్తారు.

టవర్ క్లాక్ దగ్గర స్టూడియో నడిపే పెద్దాయన ఒకరు. కళ్యాణదుర్గం వైపు హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆయన మేనకోడలు ఒకరు. సెలవు దొరికితే ఆమె కెమెరా వేసుకుని తిరుగుతుంది, చిన్న పోటీ ఏది కనబడినా ఫొటో పంపుతుంది. ఆయనకు పోటీ అన్న మాటే గిట్టదు. కిందిది వాళ్ళిద్దరి వాదన. నా మొగ్గు మొదట్నుంచీ ఆమె వైపే. అయినా ఆయన అడిగినవాటిలో కొన్నిటికి నాకైతే జవాబు తట్టలేదు.

మామ: మళ్ళా పన్నెండు పద్దెనిమిది సైజా? ప్రింటుకొక ఖర్చు, మౌంటుకొక ఖర్చు, పైన ఎంట్రీ ఫీజు. గెలిస్తే ఏమిస్తారు? శాలువా, మెమెంటో. ఆ మెమెంటోలు అమ్మేటోడు ఒక్కడే పాపా ప్రతి పోటీలో గెలిచేది.

కోడలు: దీనికి ఫీజు లేదు మామా. ఫీజుండే పోటీ అయితే జడ్జీలెవరో చూసి కడతా. జడ్జీల పేర్లు చెప్పకుండా డబ్బులు మాత్రం అడిగే ఆన్‌లైన్ వాళ్ళకు పైసా పంపను. నువ్వు ఊరికే లెక్కల టీచరుకు లెక్కలు చెప్పాకు.

మామ: డబ్బుల సంగతి వదిలెయ్యి. నా బాధ వేరే. ఈ పోటీలు మీ కండ్లు చెడగొడతాండాయి. థీమ్ ఏదన్నా ఇయ్యనీ. కరువు, నీరు, రైతు, పల్లె. మనోళ్ళు తెచ్చేది ఒకటే బొమ్మ. నెర్రెలిచ్చిన చెరువు, మధ్యలో ముసలాయప్ప, నుదుటి మీద చెయ్యి, చూపు ఆకాశం పక్క. నేను ఇందు ఫిల్ము రోళ్ళ కాలం నుంచి ఈ బొమ్మకు ప్రింట్లు వేస్తాండా. ముసలాయప్ప మారినాడు గానీ ఆ చెయ్యి మారలా.

కోడలు: కరువు లేదంటావా అయితే? పాత ఉమ్మడి జిల్లాలో ఏడాదంతా కలిపితే సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటాది. దేశంలో జైసల్మేరు తర్వాత మనమే అని చిన్నప్పట్నుంచీ మా చేత బట్టీ పట్టించింది మీ తరమే గదా.

మామ: కరువుంది. ఆ బొమ్మలో లేదు అంటాండా. మన కరువు యాడ మొదలవుతాది? జూన్, జులైలో నాలుగు చినుకులు పడతాయి, చెనక్కాయ విత్తుతారు. మొలక బాగనే వస్తాది, పూత బాగనే వస్తాది. ఊడలు భూమిలోకి దిగే టయానికి మూడు వారాలు వాన మొహం చాటేస్తాది. నేల గట్టిపడి ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. రోడ్డు మీంచి చూస్తే చేను పచ్చగనే ఉంటాది! బస్సులో పోయేటోడు పంట భలే ఉందే అనుకుంటాడు. పీకి చూసినోనికి తెలుస్తాది, అడుగున రెండు కాయలని. మన కరువు పచ్చగ ఉంటాది పాపా. ఎండిన చెరువు దగ్గర ముసలాయప్పను నిలబెట్టి తీసేది సినిమా.

కోడలు: ఈ మాట నువ్వు చెప్తే నాకు తెలిసింది. ఢిల్లీలో కూర్చునే జడ్జికి ఎవరు చెప్పాల? పచ్చటి చేను ఫొటో పంపి కింద కరువు అని రాస్తే ఆయన పక్కకు తోసేస్తాడు. అనంతపురం హాల్లో పెడితే చూసేటోళ్ళలో సగంమంది ఆ చేలల్లోంచి వచ్చినోళ్ళే. వాళ్ళకు బోధ చేసే పని లేదు. నేను చిన్న పోటీలకే పంపేది అందుకు.

(ఈ చివరి మాట కోసమే ఈ సంవాదం రాయాలనిపించింది. చిన్న పోటీని పెద్ద పోటీకి మెట్టుగా చూడటం మనకు అలవాటు. ఇక్కడ గెలిస్తే జిల్లా, అక్కడ గెలిస్తే రాష్ట్రం అని. చిన్నగా ఉండటంలోనే దాని విలువ ఉందని వాదించేవాళ్ళు అరుదు.)

మామ: హాల్లో చూసేటోళ్ళకు తెలిస్తే ఏం లాభం? మార్కులు వేసేది జడ్జీలు. జడ్జీలెవరు? నాలాంటి స్టూడియోవోళ్ళు ఇద్దరు, స్పాన్సరు ఒకడు. మొన్న గొర్రు ఫొటోకు ఫస్టు ప్రైజు ఇచ్చింది వాళ్ళే గదా.

కోడలు: ఆ గొర్రు సంగతి నువ్వే ఎత్తితివి, మంచిదాయె. ఫొటో నాకూ నచ్చింది. పొద్దుపొడుపు, ఎడ్ల కాళ్ళ కింద దుమ్ము, దాంట్లోంచి వెలుతురు. క్యాప్షన్ ‘విత్తనాల వేళ’. ప్రైజు రిబ్బను కూడా అంటించినారు. అప్పుడు పంచె కట్టుకున్న ఒకాయన దగ్గరికి పోయి చూసి ఏమన్నాడు?

మామ: ‘జడ్డిగం యాడప్పా? విత్తనం పోసే ఆడమనిషి యాడ?’ అన్నాడు. హాలంతా నవ్వింది.

కోడలు: నవ్వింది గదా! విత్తే గొర్రుకు గింజలు పోసే గిన్నె, అదే జడ్డిగం, ఉండాల, ఎనకాల నడుస్తా దాంట్లో గింజలు పోసే మనిషి ఉండాల. ఆ ఫొటోలో ఎవరూ లేరు. ఉత్త గొర్రును పొద్దున్నే తోలించి తీసినారు. జడ్జీలు మోసపోయినారు, హాలు మోసపోలా. పెద్ద పోటీల్లో ఆ హాలే ఉండదు మామా. దుబాయ్ వాళ్ళ హిపా పోటీ ఉంది, 2019లో ‘ఆశ’ అనే థీమ్‌కు లక్షా ఇరవై వేల డాలర్ల బహుమతి ఇచ్చినారు. వియత్నాం తల్లి, బిడ్డలు. తీసింది మలేషియా ఆయన. తర్వాత వీడియో ఒకటి బయటికొచ్చింది. ఆ తల్లి చుట్టూ గుంపుగా ఫొటోగ్రాఫర్లు నిలబడి, ఇట్ల కూర్చో, అట్ల చూడు అని చెప్పి తీస్తాండారు. పోటీ రూల్స్‌కు అది తప్పు కాదేమో. కానీ ఆ ఊరోళ్ళు ఒక్కరు ఆ ప్రదర్శనకు పోయింటే మొదటి రోజే అడిగేటోళ్ళు.

మామ: అడిగినా రిబ్బను పీకలేదు గదా మనోళ్ళు.

కోడలు: పీకలా. అది తప్పే. లండన్‌లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ వాళ్ళు పీకినారు. 2009లో గేటు దూకే తోడేలు ఫొటోకు మొదటి బహుమతి ఇచ్చి, అది పెంపుడు తోడేలని తేల్చి 2010 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. తీసినాయన ఒప్పుకోలా, అయినా తీసుకున్నారు. మన సంఘానికి అంత ధైర్యం ఇంకా రాలా.

మామ: ఆ పంచె కట్టుకున్నాయన అడిగిన రెండో మాట నువ్వు తేలిగ్గా వదిలేస్తాండావు. ఆడమనిషి యాడ అన్నాడు. జడ్డిగం లేకపోవడం కన్నా అది పెద్ద మాట. పోటీ బొమ్మల్లో రైతంటే మొగోడే. కలుపు తీసేది, కాయలు పీకేది, కట్టె నుంచి కాయ వలిచేది ఎవరు? వాళ్ళు ఫ్రేములోకి వస్తే వంగి ఉంటారు, మొహం కనపడదు, ప్రైజు రాదు.

కోడలు: జర్నలిస్టు సాయినాథ్ గారు చేసింది ఆ పనే గదా. 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో పల్లె ఆడవాళ్ళ పని ఫొటోలు తీసి, ‘విజిబుల్ వర్క్, ఇన్విజిబుల్ విమెన్’ అని ప్రదర్శన పెట్టినారు. ఆర్టు గ్యాలరీల్లో పెట్టి ఊరుకోలా, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, బస్టాండుల్లో పెట్టినారు. ఎవరి ఫొటోలు వాళ్ళ ముందరే పెట్టడమనేది...

మామ: ఆగాగు. సాయినాథ్ పోటీకి పంపినాడా ఆ ఫొటోలు?

కోడలు: లేదు.

మామ: రఘురాయ్? ఆయన ఏ పోటీకి తీసినాడు?

కోడలు: రఘురాయ్ కతే నేను చెప్పబోతాండా. సివిల్ ఇంజినీరింగు చదివి, ఆ ఉద్యోగం నచ్చక అన్న దగ్గరికి వచ్చినాడు. ఊరికే కెమెరా పట్టుకుని పోయి ఒక గాడిద పిల్లను తీసినాడు. అన్న ఎస్. పాల్ ఆ ఫొటోను లండన్ ‘టైమ్స్’ పత్రికకు పంపినాడు, 1965లో అచ్చయింది. పంపకపోయింటే?

మామ: పంపింది అన్న! తీసినోనికి ఆ సంగతే లేదు. గాడిద పిల్ల పరిగెత్తితే అది అలిసి నిలబడేదాకా ఎంటబడినాడు, నిలబడినాక తీసినాడు. గాడిద అని ఎవడన్నా థీమ్ ఇస్తాడా? మీరు థీమ్ చూసి కెమెరా తీస్తారు. తెలంగాణ జిల్లాల్లో పోలీసోళ్ళు ఏటా అక్టోబరు 21 అమరవీరుల దినానికి ఫొటో పోటీ పెడతారే, దానికి ఏం పోతాయి? కానిస్టేబులు అవ్వను రోడ్డు దాటిస్తాండే ఫొటో. లాఠీ ఎత్తిన ఫొటో ఎవడన్నా పంపుతాడా?

కోడలు: పంపరు. ఆ పోటీ దానికి పెట్టింది కాదని పంపేటోళ్ళకూ తెలుసు, పెట్టినోళ్ళకూ తెలుసు. దాంట్లో దాపరికమేముంది? థీమ్ చూసి తీసేటోళ్ళు ఉండారు, ఒప్పుకుంటా. నేను తీసినవాట్లోంచి థీమ్‌కు సరిపోయేది ఏరుకుంటా. ఏరేటప్పుడే నాకు పాఠం. గడువు తేదీ లేకపోతే హార్డ్ డిస్కులో ఎన్ని వేల ఫొటోలుండాయో నేను తెరిచి కూడా చూడను. అన్నీ వదిలేసి ఒకటి పెట్టుకోవాలంటే ఏది ఎంతదో తెలుస్తాది. నీ కాలంలో రోలుకు ముప్పై ఆరు, నీకు ఆ ఏరేది తీసేటప్పుడే అయిపోయేది. మాకు అట్ల లేదు.

ఇక్కడ మామ కాసేపు మాట్లాడలేదు. కౌంటరు మీద పోటీ నిబంధనల కాగితం ఉంటే కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఆయన తగ్గాడనుకున్నాను. కొత్త దారి వెతుకుతున్నాడని తర్వాత తెలిసింది.

మామ: ఏడో రూలు చదివినావా? ‘పోటీకి వచ్చిన ఛాయాచిత్రాలపై సర్వహక్కులూ నిర్వాహకులవే.’ ఓడిపోయిన ఫొటో మీద గూడా! రేపు నీ బొమ్మ ఎవడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఎనకాలో ఉంటాది.

కోడలు: చదివినా. వాళ్ళు అట్ల రాసుకున్నంత మాత్రాన నా హక్కు పోదు మామా. 1957 కాపీరైటు చట్టంలో ఫొటోకు కర్త దాన్ని తీసినోళ్ళే. హక్కు ఇంకొకరికి పోవాలంటే రాతలో ఉండాల, ఇచ్చేటోళ్ళ సంతకం ఉండాల. అది 19వ సెక్షన్. ఎన్నేండ్లకో రాయకపోతే అయిదేండ్లకే, ఎంత మేరకో రాయకపోతే మన దేశం వరకే. అమ్మేసినా కర్త అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద నాతోనే ఉంటాది. 2012 సవరణ నుంచి ఫొటోకు గూడా తీసినోళ్ళ జీవితకాలం, ఆపైన ఇంకో అరవై ఏండ్లు. నీకు తెలుసో లేదో, నువ్వు డబ్బులు తీసుకుని తీసిన పెళ్ళి ఫొటోలకు, ముందే వేరే ఒప్పందం రాసుకోకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నాయనే. ఆ పెళ్ళి ఫొటోల మీద నీకుండే హక్కు కన్నా, ఓడిపోయిన నా ఫొటో మీద నాకుండే హక్కు ఎక్కువ.

మామ: నలభై ఏండ్ల నుంచి తిండి పెట్టింది ఆ పెళ్ళిళ్ళే లే. చట్టం నీ పక్కనుండొచ్చు, ఫ్లెక్సీ మీద కోర్టుకు పోతావా నువ్వు?

కోడలు: పోను. ముందే ఫోన్ చేసినా. ఏడో రూలు కొట్టేసి, ‘ప్రదర్శనకూ ఈ పోటీ ప్రచారానికీ మాత్రమే, నా పేరుతో’ అని రాసి సంతకం పెడతా, ఒప్పుకుంటారా అని అడిగినా. సరే మేడం అన్నారు. వాళ్ళు ఏ కార్డులోంచో ఆ వాక్యం కాపీ కొట్టినారు, దాని అర్థం వాళ్ళకే తెలీదు. పెద్ద వెబ్‌సైటుకు ఇట్ల ఫోన్ చెయ్యి చూద్దాం. ‘అంగీకరిస్తున్నాను’ అనే గడిలో టిక్కు పెట్టకపోతే అది ముందుకే పోదు.

మామ: అయితే ఉచితంగా ఎవరికీ ఇయ్యవన్నమాట.

కోడలు: ఇస్తా. వికీ లవ్స్ మాన్యుమెంట్స్‌కు ఇస్తా. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైంది, 2012లో మన దేశం చేరింది. దాంట్లో గెలిచినా ఓడినా ఫొటో వికీమీడియాలో ఉంటాది, నా పేరు చెప్పి ఎవరన్నా వాడుకోవచ్చు. గుత్తి కోట మెట్లు పంపినా, తాడిపత్రి చింతల వెంకటరమణ గుడి రాతిరథం పంపినా. ప్రైజు రాలా. రేపు ఏ పిల్లోడన్నా గుత్తి మీద ప్రాజెక్టు రాస్తే ఆ మెట్లు వానికి పనికొస్తాయి గదా. ఓడిపోయిన ఫొటో పనిలోకి వచ్చే పోటీ అదొకటి.

మామ: లేపాక్షి నంది పంపలేదా? అందరూ అదే గదా తీసేది.

కోడలు: సంఘం పోటీకి తెస్తే ‘మీ జిల్లా కాదు మేడం’ అన్నారు. 2022 ఏప్రిల్ నుంచి లేపాక్షి శ్రీసత్యసాయి జిల్లా గదా. పాపం నందికి చెప్పలేదేమో ఎవరూ.

మామ: నవ్వించి తప్పించుకోవద్దు. వీరాపురం సంగతి చెప్పు. చిలమత్తూరు దగ్గర ఆ ఊర్లో ఎర్రకాళ్ళ కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. ఊరోళ్ళు వాటిని పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల మాదిరి చూసుకుంటారు. మీ పోటీల పుణ్యమా అని ఇప్పుడు ఆదివారం వస్తే కెమెరాల జాతర. ఒకడు డ్రోను ఎగరేస్తాడు, కొంగలు పిల్లలకు మేత పెట్టేటప్పుడు ఒకడు గూటి మీదికి ఫ్లాషు కొడతాడు. దీనికేం జవాబు చెప్తావు?

కోడలు: దీనికి జవాబు లేదు. తప్పు పోటీలదే. పేరున్న వన్యప్రాణి పోటీలు కొన్ని గూటి ఫొటోలు అసలు తీసుకోవు. మన జిల్లా పోటీల్లో ఆ రూలు లేదు, పెట్టాలని నేను రెండు చోట్ల రాసి ఇచ్చినా, పట్టించుకోలా. పైగా పోయినసారి ఫస్టు ప్రైజు ఫొటో కింద ‘సైబీరియా అతిథులు’ అని రాసినారు. ఆ కొంగలకు సైబీరియాతో ఏం సంబంధం? ఈ ఉపఖండంలోనే తిరిగే పక్షులవి.

మామ: ఒక్కటన్నా ఒప్పుకున్నావు.

కోడలు: ఇంకోటి గూడా ఒప్పుకుంటా. ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ వాళ్ళ పని చూసి తీసేదానికి స్పెయిన్ నుంచి క్రిస్టీనా గార్సియా రొదేరో వచ్చింది, మాగ్నం ఏజెన్సీ ఫొటోగ్రాఫరు. మన అనంతపురం పల్లెల్లో తిరిగి తీసి, వాళ్ళ దేశంలో పెద్ద ప్రదర్శన పెట్టినారు, ‘కలల నేల’ అని పేరు. నేను నూరు పోటీల్లో గెలిచినా అట్లాంటి ఫొటో ఒకటి తీయలేను. పోటీలు మనిషిని అంత దూరం తీసుకుపోవు. కానీ బార్సిలోనాలో చూసినోళ్ళెవరన్నా జడ్డిగం యాడ అని అడుగుతారా? ఆమెకు ఆ అవసరం లేదు. నాకుంది.

మామ: సరే, ఆ పెన్‌డ్రైవు ఇటివ్వు. ఏం బొమ్మ ఇది?

స్క్రీను మీద ఒక ఆడమనిషి చెయ్యి, అప్పుడే పీకిన చెనక్కాయ చెట్టు. పైన ఆకు నిగనిగలాడుతోంది. కింద రెండు కాయలు, వాటి చుట్టూ భూమి అందక గాల్లోనే ఎండిన ఊడలు. వెనకాల చేనంతా పచ్చగా ఉంది.

మామ: ప్రైజు రాదు దీనికి.

కోడలు: తెలుసు.

మామ: ఆ పచ్చ రవంత తగ్గించి, నేలను ఎండిన రంగుకు తెస్తే కరువు కనపడతాది. రెండు నిమిషాల పని.

కోడలు: ముట్టాకు. నువ్వే గదా మన కరువు పచ్చగుంటాది అన్నావు.

మామ: నేనన్నది నిజం. జడ్జీకి కనపడాల గదా అని. ఆ చెయ్యి ఎవరిది, అడిగి తీసినావా?

కోడలు: మా స్కూలు పిల్లోని అమ్మ. పేరు రాయొద్దంది, ఊరు రాయమంది. ఇన్స్యూరెన్సోళ్ళు వచ్చి రోడ్డు మీంచి చూసి పంట బాగుందని పోయినారంట. దీన్ని యాడన్నా పదిమంది చూసేచోట పెట్టు మేడం అంది.

మామ: అది ముందే చెప్పొచ్చు గదా, ఇంతసేపు శాలువాల గురించి వాదించకపోతే. మ్యాటు పేపరు మీద వేస్తా, గ్లాసీ మీద లైట్లు పడితే ఆ ఊడలు కనపడవు. డబ్బులు మాత్రం తీసుకుంటా, చుట్టరికం లేదు.

కోడలు: తీసుకో. నువ్వు మాత్రం ప్రదర్శనకు రావాల.

మామ: జడ్జీగా పిలిస్తే రాను. పోయినేడే చెప్పినా వాళ్ళకు.

కోడలు: జడ్జీగా ఎవరు రమ్మన్నారు? చూసేదానికి రా.

మామ: చూసేదానికొస్తే నోరు ఊరుకోదు పాపా. ఏ బొమ్మ ఎట్ల తీసినారో అక్కడే అనేస్తా, ఆ పిల్లోళ్ళు బాధపడతారు.

కోడలు: అందుకే రమ్మంటాండేది.